ఒక్కరు పట్టే వంతెన

రంగనాథ్ పొద్దున పార్కులోకి వచ్చి వంతెన నడుమకు చేరగానే, అవతలి చివర ఉన్నవాళ్లు ఒకడుగు వెనక్కి వేసేవారు. సంచీ భుజాన వేసుకున్న పడుచువాళ్లూ, టిఫిన్ డబ్బా పట్టుకున్న ఆడవాళ్లూ, ఎవరైనా సరే, ఆయన దాటి వచ్చేదాకా గట్టు మీదే ఆగిపోయేవారు. ఆయన దిగుతూ వాళ్లకేసి తల కొద్దిగా వంచేవాడు. కొందరు తిరిగి తల వంచేవారు, కొందరు కంపచెట్ల వైపు చూసేవారు. వంతెన రూపం గీసింది ఈయనేనని అందరికీ తెలిసిపోయి ఉంటుందని, ఇది ఆ మర్యాదేనని ఆయన అనుకున్నాడు. ఆ రోజుకు మనుషులతో ఆయనకుండే వ్యవహారం సాధారణంగా అంతటితో ముగిసేది. ఆ పైన ఇల్లు, పుస్తకాలు, ఫ్యాను చప్పుడు.

కర్నూలు శివారులో ఒక కాలనీకీ, బస్సులు ఆగే రోడ్డుకీ నడుమ ఆ పార్కు ఉంది. పార్కును రెండుగా చీలుస్తూ ఒక వంక పోతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అందులో ఇసుకా, రాళ్లూ, ఎవరో పారేసిన కొబ్బరి చిప్పలూ తప్ప ఏమీ ఉండవు. వాన పడ్డప్పుడు మాత్రం ఎర్రనీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతాయి. ఆ వంక మీదికి చెక్క వంతెన కావాలని అనుకున్న అధికారి ఎవరో అప్పుడే బదిలీ అయి వెళ్లిపోయాడు. వెళ్లేలోపు రంగనాథ్ పంపిన నమూనాకు ఒప్పుకోలు మాత్రం రాసి వెళ్లాడు.

రంగనాథ్ యాభై దాటినవాడు. విశ్వవిద్యాలయంలో నిర్మాణశాస్త్రం చదివి, కొంతకాలం కాలేజీలో పాఠాలు చెప్పి, తరగతి గదిలో తన గొంతు తనకే విసుగనిపించి మానుకున్నాడు. పాతబస్తీలో తాత కట్టించిన ఇంట్లో ఒక్కడే ఉంటాడు. అక్కడ కూర్చుని ఊళ్ల పార్కులకు చెక్క వంతెనలు గీసేవాడు. వెదురు పుల్లలతో నమూనాలు చేసి, పుస్తకాల ముందు బీరువా అంచుల మీద వరసగా పెట్టుకునేవాడు. వాటి మీది దుమ్మును రంగుల కుంచెతో దులిపేవాడు. వాటిలో మనుషుల కాళ్ల కిందికి వచ్చింది ఇదొక్కటే.

అందుకే దీనిలో ఏదీ యథాలాపంగా పెట్టలేదు. దూలాలకు ఆత్మకూరు కలప డిపోలో నల్లమద్ది తనే ఎంచి, నీడలో ఆరబెట్టించాడు. ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బే చెక్కకు ఎంత సందు వదలాలో ఆలోచించి పలకలు పరిపించాడు. వంతెన నడుమ కొంచెం ఎత్తుగా, విల్లులాగా ఉంటుంది. సగం దాకా ఎక్కితే తప్ప అవతలి ఒడ్డు కనబడదు. నడిచేవాడు తొందర మానుకోవాలని, ముందేముందో అని కాస్త ఆశపడాలని ఆయన ఉద్దేశం. వెడల్పు కూడా ఆ ఉద్దేశంతోనే నిర్ణయించాడు. మధ్యలో నిలబడి రెండు చేతులూ చాస్తే రెండు పక్కల రెయిలింగులూ అందాలి. ఆ కొలత తన చేతులతోనే తీసుకున్నాడు. పక్కన ఇంకొకరు నడిస్తే ఆ కొలత ఏమవుతుందన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో అసిస్టెంట్ ఇంజనీరు శివజ్యోతి ఆయనను పార్కుకు పిలిపించింది. ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు, మాటలో ఇంకా తడబాటు పోలేదు. జనం వంతెన వదిలి వంకలోకి దిగి దాటుతున్నారనీ, మొన్న ఒక పెద్దాయన రాయి మీద జారి కాలు బెణికించుకున్నాడనీ చెప్పింది. ఇది తీసేసి వెడల్పాటి ఇనుప వంతెన వేయాలని ఆఫీసులో అనుకుంటున్నారు. వానలకు ముందే పని మొదలవుతుంది. ఆలోపు ఆయన ఏదైనా మార్పు చూపించగలిగితే తాను ఆ కాగితం పైకి పంపుతుంది.

రంగనాథ్ చాలాసేపు వాదించాడు. ఇది పార్కు వంతెన, షికారుకు వచ్చినవాళ్లు మెల్లగా నడవడానికి వేసింది అన్నాడు. షికారుకు ఎవరూ రావడం లేదనీ, కాలనీవాళ్లు ఇల్లు వదిలి పనులకు పోయే దారి ఇదేననీ ఆమె అంది. అయితే మాత్రం, ఎదుటివాడు దాటేదాకా కాసేపు ఆగలేక వంకలోకి దిగుతారా అని ఆయన అడిగాడు. శివజ్యోతి హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుకుంది.

"అది నేను చెప్తే బాగుండదు సార్. ఒక పొద్దున వచ్చి ఈడ కూచోండి. మీకే తెలుస్తుంది."

మర్నాడు ఆయన రోడ్డు వైపు చివర, గన్నేరు చెట్ల పక్కనున్న రాతి బల్ల మీద కూర్చున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ అక్కడ ఆగి చూడలేదు. దాటి వెళ్లడమే తప్ప, తాను లేనప్పుడు వంతెన ఏం చేస్తుందో ఆయనకు తెలియదు.

కాలనీ వైపు నుంచి కేకలు వినబడ్డాయి. వంతెన ఎక్కేముందు ప్రతి ఒక్కరూ "ఎవరన్నా వస్తాండారా?" అని అరిచి, బదులు రాకపోతేనే కాలు పెడుతున్నారు. గుట్టలాగా లేచిన నడుమ భాగం వాళ్లకు అడ్డం. పైకి వచ్చాక అవతల ఎవరూ లేరని చూసుకుని, మిగతా సగం పరుగులాంటి నడకతో దిగిపోతున్నారు. మెల్లగా నడిచినవాళ్లు ఒక్కరూ లేరు.

ఆయనకు కొంచెం దూరంలో, గన్నేరు చెట్ల వెనక, ఒకామె నీళ్ల పైపు చుట్టను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పార్కులో చెట్లకు నీళ్లు పెట్టే సోమక్క. ఆయనకంటే కాస్త పెద్దదే. కొళాయి ఈ ఒడ్డున, కొత్తగా నాటిన మొక్కలు ఆ ఒడ్డున ఉన్నాయి. దాటవలసిన మనిషి ఎందుకు దాటడం లేదో ఆయనకు అర్థం కాలేదు. వంతెన ఖాళీ అయిన ప్రతిసారీ ఆమె ఒకడుగు ముందుకు వేసి, అటు కేక వినగానే మళ్లీ చెట్ల చాటుకు పోతోంది. చివరికి అడిగాడు.

"పనులకు పోయేవాళ్లు కదా సామీ," అంది సోమక్క. "మొగుడు పోయినదాన్ని. పొద్దున్నే నా మొగం ఎదురైతే వాళ్ల పని చెడ్తాదని భయం. నేనేమో మధ్యలోకి పోయినాక గాని వాళ్లకు కనపడను. అప్పుడు పక్కకు జరుగుదామన్నా యాడ జరిగేది? ఈ పైపు ఏసుకోని వంకలోకి దిగలేను."

ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పినట్టే చెప్పింది. వంతెన లేనప్పటి పాత దారిలో అయితే ఎవరైనా వచ్చేది దూరం నుంచే కనబడేదనీ, అంచున తల తిప్పుకుని పోతే సరిపోయేదనీ కూడా అంది. ఈ ఎదురు సంగతి రంగనాథ్‌కు తెలియనిది కాదు. బయలుదేరిన మనిషి గుమ్మంలోంచి వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరడం ఇంట్లో ఎన్నోసార్లు చూశాడు. కాని వంతెన గీసేటప్పుడు గాలి వేగం, వరద ఎత్తు, చెక్క ముడత అన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. ఇది లెక్కలోకి వచ్చే విషయమని అనుకోలేదు.

"నాతో రా," అన్నాడు. "నన్ను చూస్తే వాళ్లే ఆగుతారు. రోజూ చూస్తున్నాను కదా. నా వెనకే దాటెయ్యి."

సోమక్క ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వంతెన ఎక్కాడు. నడుమకు చేరేసరికి ఎదురుగా, చేతికందేంత దగ్గరలో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక లావుపాటి మనిషి ప్రత్యక్షమయ్యాడు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన బొజ్జన్న. కాలనీలో ఆయన గొంతు తెలియనివాళ్లు లేరు. కేక వేయడం ఆ రోజు ఎందుకో మరిచిపోయినట్టున్నాడు. ఆయన రంగనాథ్‌ను చూసి చేతులు రెండూ కిందికి వదిలేశాడు. తర్వాత చాలా మర్యాదగా, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ దిగసాగాడు.

"రాండి సామీ, రాండి. మీరేం చేస్తారులే. బద్వేలికి సంబంధం మాట్లాడేదానికి పోతాండా. ఇంగ ఇంటికి పోయి, కూచోని, నీళ్లు తాగి మళ్ల రావల్ల. బస్సు పాయ." గట్టు మీదికి దిగాక నడుం మీద చేతులు పెట్టుకుని వంతెనను ఎగాదిగా చూశాడు. "ఇది కట్టిన పుణ్యాత్ముడు ఎవడో గాని, వానికొక దండం పెట్టల్ల. ఇంత పెద్ద ఊర్లో ఒంటి బాపనయ్యను వెతికి మరీ నా మొగానికి ఎదురు తెచ్చి పెడతాండాడు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బొజ్జన్న కూడా నవ్వాడు. అందులో ద్వేషం ఏమీ లేదు. రంగనాథ్ అలవాటు కొద్దీ తల వంచి, వాళ్ల నడుమ నుంచి ఎక్కడికి పోవాలో తెలియక, తిరిగి వంతెన ఎక్కి రోడ్డు వైపుకే వచ్చేశాడు. సోమక్క ఉన్నచోటే ఉంది. మాటలన్నీ ఆమెకు వినబడే ఉంటాయి.

"మీకు తెలుసనుకుంటి సామీ," అంది.

ఆయన రాతి బల్ల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు తాత ఎక్కడికి బయలుదేరినా తనను చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాడు. ఎండలోనైనా సరే, ఆటలో ఉన్నా సరే. తానంటే అంత ప్రాణమని ఆయన ఇన్నేళ్లూ నమ్మాడు. వీధిలో ఒంటిగా కనబడకుండా ఉండడానికి తాతకు ఒక తోడు కావలసి వచ్చిందేమోనన్న ఊహ అప్పుడు మొదటిసారి కలిగింది. రెండూ నిజమై ఉండవచ్చునని సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత ఆయన పార్కుకు రావడం మానలేదు. మార్పు చూపించాలంటే జనం నడకను గమనించాలి కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. పొద్దున రద్దీ తగ్గేదాకా గన్నేరు చెట్ల పక్కన నిలబడేవాడు. సోమక్క ఎలాగూ నిలబడేది. మొదట్లో ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. తర్వాత ఆమె తన ఊరు కోడుమూరు దగ్గర అని, భర్త బావులు తవ్వే పనికి పోయి మట్టి కూలి పోయాడని చెప్పింది. ఆ ఊళ్లో ఇప్పుడు బావే లేదనీ, పూడ్చేసి పైన సెల్ టవర్ వేశారనీ చెప్పి, అదేదో వింతలాగా నవ్వింది. పెండ్లి ఎందుకు చేసుకోలేదని ఆయనను అడిగింది. అడిగేవాళ్లు పోయారు, ఆ తర్వాత ఆ సంగతి తనకు గుర్తు రాలేదు అన్నాడు ఆయన. అది నిజమే. ఆ మాట పైకి అనడం మాత్రం అదే మొదటిసారి.

"అయితే మనిద్దరిదీ ఒకటే బాధ," అంది సోమక్క ఒకరోజు, కాలనీ నుంచి కేకలు వినబడుతుంటే. "మీరు ముందు పోతే మీకు శాపనార్థాలు, నేను ముందు పోతే నాకు. ఇద్దరం కలిసి పోతే ఎట్లుంటాదో ఎప్పుడన్నా చూడల్ల సామీ. కాలనీ అంతా నీళ్లు తాగేదానికి పోతే నా కొళాయికి నీళ్లు రావు."

రంగనాథ్ బిగ్గరగా నవ్వాడు. ఆ చప్పుడు ఆయనకే కొత్తగా వినిపించింది. ఇంటికి వెళ్లాక కూడా ఆ మాటను మరోసారి మనసులో అనుకున్నాడు. మర్నాడు పుస్తకం తెరవకుండానే, వెలుతురు వస్తూనే ఇంట్లోంచి బయలుదేరాడు.

మార్పు ఆలోచన కూడా ఆ నిలబడటంలోంచే వచ్చింది. వంతెన నడుమ, నీళ్లు పోయే వైపు, రెయిలింగును కొంచెం బయటికి జరిపి ఒక చిన్న అరుగు వేయవచ్చు. అందులో కూర్చునే పలక ఒకటి, వంక వైపు తిరిగి ఉండేట్టు. ఎదురుగా ఎవరైనా వస్తే అందులోకి తప్పుకుని కూర్చుంటే చాలు, వీపు మాత్రమే దారి వైపు ఉంటుంది. వంతెన విల్లు చెడదు, ఇరుకుదనం పోదు, పైగా అందం పెరుగుతుంది. వెదురు పుల్లలతో నమూనా చేశాడు. చాలా ఏళ్లుగా చేసిన వాటిలో అది అన్నిటికంటే బాగా వచ్చిందనిపించింది. దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, శివజ్యోతి కంటే ముందు సోమక్కకు చూపించాడు.

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. నడుమనున్న గూడు ఎందుకని అడిగింది. నువ్వు అందులో కూర్చోవచ్చు, వాళ్లు నీ వెనక నుంచి వెళ్లిపోతారు, నీ ముఖం వాళ్లకు కనబడదు అని ఆయన వివరించాడు. ఆమె వేలి కొనతో ఆ చిన్న పలకను తాకింది. తర్వాత నమూనాను జాగ్రత్తగా పెట్టెలో పెట్టేసింది.

"మొగం తిప్పుకోని కూచునేదానికి ఇంత పని యాటికి సామీ? ఈ గన్నేరు చెట్లు ఉండాయి కదా." తర్వాత ఇంకా మెల్లగా అంది. "నాకు కూచునేది వద్దు. దాటేది కావల్ల. అవతల మొక్కలు ఎండిపోతాండాయి."

రంగనాథ్ పెట్టె మూత మూశాడు. ఆమెకు కోపం రాలేదు, పైపు విప్పుకుంటూ వెళ్లింది. ఆయన ఇంటికి నడిచి వచ్చి ఆ నమూనాను బీరువా మీద మిగతా వాటి పక్కన పెట్టాడు. పెట్టి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిగిలిన దారి ఒకటే ఉందని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ దాని చుట్టూ తిరిగాడు. ఉన్న రెండు దూలాల పక్కన మూడో దూలం వేయాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకో వరస పలకలు పరచాలి. ఇప్పటి రెయిలింగును ఒక పక్క పీకి, అంత దూరం జరపాలి. రెండో దూలం అప్పుడు రెండు వైపుల బరువూ మోయాలి. లెక్క వేసి చూశాడు, మోస్తుంది. అందం మాత్రం ఉండదు. సన్నగా లేచిన విల్లు కాస్తా వెడల్పాటి పీటలాగా కనబడుతుంది. ఇద్దరు ఎదురెదురుగా, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఎవరి తోవన వాళ్లు పోవచ్చు.

శివజ్యోతికి ఫోన్ చేసి ఈ మార్పు చెప్పాడు. ఆయన ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"మీకు బాధ లేదా సార్?" అని అడిగింది.

వంతెన ఉండడం ముఖ్యం కదమ్మా అన్నాడు.

పని జరిగినన్నాళ్లూ వంతెన మూసేశారు. జనం వంకలోకి దిగి దాటారు, నీళ్లు లేవు కనుక ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలగలేదు. సోమక్కను ఆ రోజుల్లో పార్కులో ఇంకో మూలకు, గేటు దగ్గరి పూలపాదుల పనికి వేశారు. రంగనాథ్ మళ్లీ ఆత్మకూరు వెళ్లి దూలం ఎంచి తెచ్చాడు. పాత పలకలు అప్పటికే ఎండకు బూడిదరంగుకు తిరిగాయి, కొత్తవి గోధుమరంగులో నూనె పూసినట్టు ఉన్నాయి. ఆ రెండు రంగుల మధ్య గీత వంతెన పొడవునా పడింది. ఒక పక్క రెయిలింగు పీకుతున్నప్పుడు ఆయన పక్కకు వెళ్లి నిలబడ్డాడు. నడుమ ఎత్తును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

మొదటి వాన పడిన మర్నాడు వంతెన తెరిచారు. రంగనాథ్ ఎప్పటిలాగే వచ్చి గన్నేరు చెట్ల పక్కన నిలబడ్డాడు. వంకలో ఎర్రనీళ్లు సన్నగా పారుతున్నాయి. కాలనీ వైపు నుంచి కేకలు లేవు. జనం గుంపుగా వస్తున్నారు, పోతున్నారు. ఇటు నుంచి వెళ్లేవాళ్లు పాత పలకల మీద, అటు నుంచి వచ్చేవాళ్లు కొత్త పలకల మీద, ఎవరూ చెప్పకుండానే తోవ పంచుకున్నారు. ముఖాలు ఫోన్లలోనో, దూరంగా రోడ్డు మీదనో ఉన్నాయి. బొజ్జన్న ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ దిగాడు. రంగనాథ్ పక్క నుంచే పోతూ, ఆయనను చూసి కూడా నడక ఆపలేదు. బద్వేలి సంబంధం కుదిరినట్టు ఆ మాటలను బట్టి తెలిసింది.

సోమక్క కొళాయి దగ్గర నుంచి పైపు లాగుకుంటూ వచ్చింది. చెట్ల దగ్గర ఆగవలసిన పని ఇప్పుడు లేదు. జనంలో కలిసి వంతెన ఎక్కింది. ఒక పడుచువాడు ఆమె పక్క నుంచి పరుగున దిగిపోయాడు. తల తిప్పనూ లేదు, వెనక్కి పోనూ లేదు. నడుమకు చేరుకోబోతూ ఆమె రంగనాథ్ కేసి తిరిగి, పైపు పట్టుకున్న చేతినే పైకెత్తింది.

"ఇంగ మనకు నిలబడే పని లేకపాయ సామీ."

ఆ గొంతులో సంతోషం ఉంది. ఆయన కూడా చెయ్యెత్తాడు. ఆమె ఎత్తు దాటి అవతలికి దిగిపోయింది. ముందు నడుం, తర్వాత భుజం, తర్వాత తలమీది కొంగు కనబడకుండా పోయాయి. పైపు మాత్రం పలకల మీద కాసేపు పాకుతూ వెళ్లి, ఎక్కడో చిక్కుకుని, మళ్లీ కదిలింది. సాయంత్రం దాకా ఆమెకు ఆ ఒడ్డునే పని.

రద్దీ తగ్గేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. ఉండవలసిన అవసరం లేదని తెలుసు. తర్వాత పాత పలకల మీదుగా వంతెన నడుమ దాకా నడిచాడు. ఎదురుగా ఎవరూ రావడం లేదు. అలవాటుగా రెండు చేతులూ చాచాడు. ఎడమ చెయ్యి పాత రెయిలింగు మీద ఆనింది. దాని చెక్క అరచేతికి తెలిసిన గరుకుతోనే ఉంది. కుడి చెయ్యి గాలిలో కొంతసేపు అలాగే ఉండి, మెల్లగా పక్కకు దిగింది.